పక్కింటి వరండా దీపం

అమెరికాలో హాలోవీన్ రాత్రికి ఒక పద్ధతుంది. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు గానీ పిల్లా పెద్దా అందరికీ తెలుసు. ఇంటి ముందు వరండాలో లైటు వెలుగుతుంటే ‘రండి, మీకోసం చాక్లెట్లు పెట్టుకుని కూర్చున్నాం’ అని అర్థం. లైటు ఆర్పేసి ఉంటే పిల్లలు ఆ మెట్లెక్కరు. చప్పుడు చెయ్యకుండా పక్కింటికి వెళ్లిపోతారు.

2023 అక్టోబరు 31 సాయంత్రం మా పక్కింటి వరండాలో లైటు వెలగలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

మేముండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో. పదహారేళ్లయింది వచ్చి. ఈ ఇంట్లో దిగిన రోజున, సామాన్ల లారీ ఇంకా గుమ్మంలో ఉండగానే, వేడి తగ్గని యాపిల్ పై పళ్లెం పట్టుకుని వచ్చింది పక్కింటావిడ. కిండర్‌గార్టెన్ టీచరుగా పనిచేసి రిటైరైంది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. అయినా మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. మా అమ్మాయికి కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఏటా అక్టోబరు వస్తే చాలు, నారింజరంగు కాగితంతో గుమ్మడికాయలు, నల్లకాగితంతో గబ్బిలాలు కత్తిరించి, మా వంటింటి కిటికీ నిండా అంటించి వెళ్లేవారు ఇద్దరూ. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. నా పాత్ర అంతే.

వాళ్లాయన మాత్రం హాలోవీన్ రాత్రికి వీధంతటికీ హీరో. పాత గళ్ల చొక్కా వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, మొహానికి గోనెగుడ్డ కట్టుకుని, చొక్కా చేతుల్లోంచి నాలుగు గడ్డిపరకలు బయటికి కనపడేలా దోపుకుని, వరండాలో కుర్చీలో దిష్టిబొమ్మలా బిగుసుకుని కూర్చునేవారు. ఒళ్లో చాక్లెట్ల గిన్నె. పిల్లలు దగ్గరికొచ్చి, ‘బొమ్మేలే’ అనుకుని గిన్నెలో చెయ్యి పెట్టేదాకా ఆగి, అప్పుడు మెల్లగా తల తిప్పేవారు. ఆ కేకలు మా వంటింట్లోకి వినపడేవి. భయపడ్డ పిల్లలే మళ్లీ తమ్ముళ్లని, చెల్లెళ్లని వెంటబెట్టుకొచ్చేవాళ్లు.

2023 మార్చిలో ఆయన పోయారు. నిద్రలోనే. నేను అన్నం, పప్పు వండి తీసుకెళ్లాను. చర్చిలో ప్రార్థనకి వెళ్లాం. ఆ తర్వాత వేసవి గడిచింది, ఆకులు రంగు మారాయి, హాలోవీన్ వచ్చింది. వాళ్ల వరండా చీకటిగానే ఉంది.

నేనెందుకు వెళ్లలేదో చెప్పాలి. మా తెనాలిలో మనిషి పోయిన ఇంట్లో ఏడాది దాకా పండగ చెయ్యరు. గుమ్మానికి తోరణం కట్టరు, పొయ్యి మీద మూకుడు పెట్టి పిండివంట చెయ్యరు. సంవత్సరీకం అయ్యాకే మళ్లీ పండగలు. చిన్నప్పట్నించీ చూసిందే కదా, నా బుర్రలో అదే తిరిగింది. ‘పాపం, దుఃఖంలో ఉంది. ఈ వేళప్పుడు వెళ్లి పండగ మాట ఎత్తడం మర్యాద కాదు’ అనుకున్నాను. అది గౌరవమే అనుకున్నాను.

*

2024 ఆగస్టులో మా అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది. మావారి ఉద్యోగం ఎలాంటిదంటే సోమవారం తెల్లారుజామున విమానం ఎక్కితే గురువారం రాత్రికి గానీ ఇల్లు చేరరు. మొదటిసారి ఇంత ఇంట్లో ఒక్కదాన్నే నాలుగేసి రోజులు. కుక్కర్ కూత కూడా పెద్దగా వినపడటం మొదలైంది. ఒక్క కప్పు బియ్యానికి మూడు కూతలెందుకని గిన్నెలో వండటం మొదలుపెట్టాను.

అక్టోబరు మొదటివారంలో ఒకరోజు కిటికీలోంచి చూస్తే ఆవిడ పెరట్లో ఆకులు ఊడుస్తోంది. ఇక్కడ ఆకులు ఊడవడానికి వెదురు పుల్లల చేతిలా ఉండే పెద్ద పార ఉంటుంది. మేపుల్ ఆకులు ఎర్రగా, ఓక్ ఆకులు తోలు రంగులో, మోకాలెత్తు కుప్ప. నేనూ మా పార తీసుకుని వెళ్లాను. ఇద్దరం ఓ గంటసేపు ఊడ్చాం. నడుం పట్టుకుని నిలబడి ఆవిడ అంది, “సర్కిల్‌విల్ వెళదామా? రెండేళ్లయింది వెళ్లి. ఎప్పుడూ ఆయనే కారు నడిపేవారు.”

సర్కిల్‌విల్ అనేది కొలంబస్‌కి దక్షిణంగా ఉన్న చిన్న ఊరు. 1903లో మొదలైన గుమ్మడికాయల జాతర అక్కడ అక్టోబరులో జరుగుతుంది. ఊళ్లో నీళ్ల ట్యాంకుకి కూడా గుమ్మడికాయ రంగే. మన తిరణాళ్లలాగే రోడ్లు మూసేసి, బళ్లు పెట్టి, రంగులరాట్నాలు తిప్పి, నాలుగు రోజులు ఊరంతా ఒకటే సందడి. గుమ్మడికాయ డోనట్లు, గుమ్మడికాయ ఐస్‌క్రీము, గుమ్మడికాయ వేసిన బర్గర్లు కూడా అమ్ముతారు. రైతులు పండించిన కాయల్ని తూకం వేసి బహుమతులిస్తారు. వెయ్యి పౌండ్లు దాటిన కాయలవి. అంటే నాలుగున్నర క్వింటాళ్ల పైమాటే. సొంత బరువుకే ఓ పక్కకి ఒరిగిపోయి, కూర్చున్న ఏనుగు పిల్లల్లా ఉంటాయి. మా నాన్న చూసుంటే ‘ఎన్ని ఊళ్లకి దప్పళం అవుతుందే ఇది’ అనేవాడు.

తిరిగొస్తుంటే కారు నేను నడుపుతున్నాను. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, మాటల మధ్యలో మామూలుగా అంది, “పోయినేడాది ఆ రాత్రి లైటార్పుకుని వంటింట్లో కూర్చున్నాను. పిల్లలు నవ్వుకుంటూ వెళ్లడం వినపడింది. ఎవరైనా ఒకళ్లు తలుపు కొడితే లేచి లైటు వేద్దామనుకున్నాను.”

నాకు స్టీరింగ్ మీద చేతులు చల్లబడ్డాయి. మా ఊరి పద్ధతి చెప్పాను. ఏడాది పండగ ఉండదనీ, అందుకే రాలేదనీ. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే సంజాయిషీలా వినపడింది.

ఆవిడ కాసేపాగి అడిగింది, “మరి ఆ ఏడాదంతా మీ ఊళ్లో ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారు? ఒక్కళ్లే కూర్చుంటారా?”

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు వండుకోరు, నిజమే. కానీ సంక్రాంతి వచ్చిందంటే అరిసెలు ఒకరింటి నుంచి, బూరెలు ఒకరింటి నుంచి, గారెలు ఇంకొకరింటి నుంచి వచ్చేస్తాయి. మా తాతయ్య పోయిన ఏడాది మా ఇంట్లో పిండివంట చెయ్యలేదు గానీ, డబ్బాలన్నీ నిండే ఉన్నాయి. పక్కింటి పిన్ని పొద్దున్నే వచ్చి నాయనమ్మ పక్కన కూర్చునేది. ఆచారంలో సగమే గుర్తు పెట్టుకున్నాను నేను, నాకు పని తప్పే సగం.

“లేదు. పక్కింటివాళ్లు వస్తారు” అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు మాత్రం, “రేపు పదింటికి రా. ఖాళీ చేతుల్తో రాకు, పాత తెల్లగుడ్డలుంటే తీసుకురా” అంది.

*

అలా మొదలైంది మా బళ్లో చదువు. పన్నెండు రోజులు, రోజూ రెండు గంటలు, ఆవిడ వంటింటి బల్ల మీద.

మొదటి పాఠం ఆకులు. బాగా రంగెక్కిన ఆకుల్ని ఏరి, మైనపు కాగితాలు రెండింటి మధ్య పరిచి, పైన పాత తువ్వాలు వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో నెమ్మదిగా రుద్దాలి. మైనం కరిగి రెండు కాగితాలూ అతుక్కుంటాయి. కిటికీకి కడితే ఎండ పడ్డప్పుడు ఎరుపు, పసుపు రంగులు నేలమీద పడతాయి. వేడి ఎక్కువైతే ఆకు నల్లబడుతుంది. నావి మొదటి నాలుగూ నల్లబడ్డాయి.

రెండో పాఠం దెయ్యాలు. సీసా మీద చిన్న బెలూను నిలబెట్టి, పల్చటి తెల్లగుడ్డని గంజిలో ముంచి దానిమీద కప్పి, కుచ్చిళ్లు సర్ది ఆరనివ్వాలి. ఆరాక బెలూను పగలగొడితే గుడ్డ అలాగే గాల్లో నిలబడి ఉంటుంది. నల్లకాగితంతో రెండు కళ్లు అంటిస్తే దెయ్యం తయారు. ఆవిడ దుకాణంలో దొరికే గంజి సీసా బయటికి తీసింది. నేను వద్దని మా ఇంటికెళ్లి, అన్నం వార్చిన గంజి తెచ్చాను. నేత చీరలకి గంజి పెట్టిన చెయ్యి కదా, ఇక్కడ మాత్రం నేనే టీచర్ని. నా గంజి దెయ్యాలు ఆవిడ సీసా దెయ్యాలకంటే నిటారుగా నిలబడ్డాయి. “నలభయ్యేళ్లు ఈ పని చేశాను, దీనికి అన్నం వండొచ్చని నాకెవరూ చెప్పలేదే” అని ఆవిడ ఆశ్చర్యం.

పని చేస్తూ కబుర్లు. వాళ్ల అమ్మమ్మ ఐర్లండ్ నుంచి వచ్చిందట. అక్కడ గుమ్మడికాయలు కావు, టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవారు. అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కంటే పెద్దది, తొలవడం తేలిక. దానికో కథ కూడా ఉంది. జాక్ అనే జిత్తులమారి సైతానునే మోసం చేశాడు. చచ్చాక స్వర్గంలోకి రానివ్వలేదు, నరకంలోకీ రానివ్వలేదు. సైతాను విసిరిన నిప్పుకణికని తొలిచిన దుంపలో పెట్టుకుని, చీకట్లో తిరుగుతూనే ఉన్నాడట. అందుకే ఆ దీపం పేరు జాక్ ఓ లాంటర్న్. వింటుంటే నాకు మా నాయనమ్మ చెప్పిన కొరివి దెయ్యం కళ్లముందు కనపడింది. రాత్రిపూట చేలగట్ల మీద మంట పట్టుకుని తిరిగేది అదే కదా! ఆవిడకి చెబితే, “అయితే మీ ఊళ్లో కూడా ఉన్నాడన్నమాట జాక్” అంది.

ఈ పండగకి మూలం ఇంకా వెనక్కి ఉంది. ఐర్లండ్, స్కాట్లండ్ వైపు కెల్టులు కోతలైపోయి చలికాలం మొదలయ్యే వేళ ‘సావిన్’ అని చేసుకునేవారు. ఆ రాత్రి పోయినవాళ్లు ఇళ్ల వైపు వస్తారని నమ్మకం. క్రైస్తవంలో నవంబరు 1 పునీతుల పండగ అయింది, 2వ తేదీ పోయిన ఆత్మల్ని తలుచుకునే రోజు అయింది. ఆ 2వ తేదీనే మన దగ్గర క్రైస్తవులు సమాధుల పండగ అంటారు. గుంటూరులో మా కాలేజీ స్నేహితురాలితో ఒకసారి వెళ్లాను. సమాధులు కడిగి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించారు. పునీతుల పండగకి ముందురోజు సాయంత్రమే హాలోవీన్. ఇన్నేళ్లూ నేను దాన్ని చాక్లెట్ల పండగే అనుకున్నాను.

*

ఇక గుమ్మడికాయ. చెక్కిన కాయ నాలుగైదు రోజులకి మించి నిలవదు, అందుకని మంగళవారం, 29వ తేదీన పెట్టుకున్నాం. బల్లమీద పాత పేపర్లు పరిచి, ఎదురెదురుగా రెండు కాయలు, రెండు కత్తులు. ఆవిడ కత్తి తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. “మూత ఎప్పుడూ ఆయనే కోసేవారు” అంది.

నేనూ కత్తి తీసుకోలేదు. నా కారణం వేరే. మన ఇళ్లలో గుమ్మడికాయకి మొదటి గాటు ఆడవాళ్లు పెట్టకూడదంటారు. బలికి బదులుగా కొట్టే కాయ అది, అందుకని మగవాడు ఒక గాటు పెట్టాకే ఆడవాళ్లు ముక్కలు కోసుకోవాలి. ఇరవై ఏడేళ్ల కాపురంలో మావారే ఆ గాటు పెట్టారు. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, అయినా ఆ కత్తి మీదికి చెయ్యి పోలేదు. సిగ్గుపడుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “సరే, మీ అమ్మని అడుగు” అంది.

ఇక్కడ పొద్దున పది, తెనాలిలో రాత్రి ఏడున్నర. అమ్మ టీవీ ముందుంది. ఫోన్లో మొహం చూపించి విషయం చెప్పాను.

“అల్లుడుగారు లేరా?”

“గురువారం వస్తారమ్మా.”

“ఆవిడ కొడుకో?”

“సియాటిల్లో ఉంటాడు.”

“వీధిలో ఎవరైనా మగపిల్లాణ్ణి పిలిచి ఒక గాటు పెట్టించు. పాలబ్బాయో ఎవరో.”

“ఇక్కడ పాలబ్బాయి ఎక్కడుంటాడమ్మా?”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఫోనులో ఆవిడ మొహం వంక చూసింది, నా పక్కన కూర్చున్న ఆవిడ వంక. తర్వాత అంది, “నాన్న పోయాక మొదటేడు నేను పాలబ్బాయి కోసమే కూర్చున్నా. వాడు ఆ రోజు రాలేదు. పులుసులోకి ముక్కలు కావాలి, పొద్దెక్కిపోతోంది. నేనే కోశా. అప్పట్నించీ నేనే కోస్తున్నా. ఎవరితోనూ అనలేదు. కోసుకోండి ఇద్దరూ. చేతులు జాగ్రత్త.”

తొమ్మిదేళ్లుగా అమ్మ ఒక్కతే గుమ్మడికాయ కోసుకుంటోందని నాకు ఆ రోజు తెలిసింది. పండక్కి ఫోన్ చేసి ‘ఏం వండావు’ అని అడిగినప్పుడల్లా ‘పులుసు పెట్టానే’ అనేది. ఎవరు కోశారని నేనెప్పుడూ అడగలేదు.

ఫోను పెట్టేశాక పక్కావిడకి తెలుగులో జరిగిందంతా చెప్పాను. ఇద్దరం ఒకేసారి కత్తులు తీసుకున్నాం.

మూతని నిలువుగా కొయ్యకూడదట. కత్తిని లోపలికి వాల్చి కోస్తే మూత లోపల పడిపోకుండా గట్టిగా కూర్చుంటుంది. గింజలూ పీచూ ఐస్‌క్రీము గరిటెతో గోకెయ్యాలి. మొహం చెక్కే వైపు గోడని అంగుళం మందానికి తగ్గిస్తే రంపం సులువుగా ఆడుతుంది. కాగితం మీద మొహం గీసి, కాయకి అంటించి, గీతల వెంట గుండుసూదితో పొడిచి, చుక్కల్ని కలుపుతూ చిన్న రంపంతో కొయ్యాలి. ఆవిడ కాయకి మూడు పళ్ల నవ్వు పెట్టింది. నేను మన ఊళ్లో కొత్త ఇళ్లకి వేలాడదీసే దిష్టి గుమ్మడికాయ మొహం చెక్కాను. గుండ్రటి గుడ్లు, మెలేసిన మీసాలు. ఇంటి ముందు భయంకరమైన మొహం పెడితే చెడు దూరంగా పోతుందని వాళ్లూ అనుకున్నారు, మనమూ అనుకున్నాం. గింజలకి ఆవిడ ఉప్పు, వెన్న రాసి ఓవెన్‌లో పెడితే, నేను సగానికి కారం చల్లాను. కారం సగమే ముందు అయిపోయింది.

చివరికి ఆవిడ లోపలికెళ్లి గళ్ల చొక్కా తెచ్చింది. మనం పోయినవాళ్ల బట్టలు ఉంచుకోం, ఎవరికో ఇచ్చేస్తాం. ఆ చొక్కా చూసి నా ప్రాణం ఒక్క క్షణం ఎలాగో అయింది. ఆవిడ బొత్తాలు పెడుతుంటే నేను ఎండిన ఆకులు కూరాను. మొదటిరోజు ఇద్దరం ఊడ్చిన ఆకులే. టోపీ పెట్టి, వరండాలో ఆయన కుర్చీలో కూర్చోబెట్టాం.

*

కొలంబస్ చుట్టుపక్కల పిల్లలు ఇల్లిల్లూ తిరిగే ఆ సాయంత్రాన్ని బెగ్గర్స్ నైట్ అంటారు. ముష్టి రాత్రి అన్నమాట. ఆరు నుంచి ఎనిమిది దాకా. పేరు విని మొదట్లో నవ్వుకున్నాను గానీ, మనకి మాత్రం లేదా? ఒకప్పుడు దసరాకి అయ్యవార్లు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల చేతికి రంగుకాగితాలు అంటించిన విల్లంబులు ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు. దసరా వేషాలూ, పులివేషాలూ సరేసరి.

2024లో ఆ గురువారమే దీపావళి కూడా. మా మెట్ల మీద ప్రమిదలు, వాళ్ల మెట్ల మీద గుమ్మడికాయలు. మా చిన్నప్పుడు దీపావళి సాయంత్రం గోగుకట్టెలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి తిప్పేవాళ్లం. పెద్దవాళ్లకి దారి చూపించడానికని నాయనమ్మ చెప్పేది. పటాసుల తొందరలో ఆ మాట ఎప్పుడు విన్నాం గనక!

ఆరు కాగానే ఆవిడ లేచి వరండా లైటు వేసింది. మామూలుగానే వేసింది, వంటింట్లో లైటు వేసినట్టు. నేను పట్టుచీరలో పక్కన కూర్చున్నాను. మొదటి గుంపులో ఓ చిన్నపిల్ల నన్ను ఎగాదిగా చూసి, “నీది ఏం వేషం?” అంది. “రాణిగారి వేషం” అన్నాను. ఇంకేం చెప్పను?

ఏడు దాటాక పదేళ్ల కుర్రాడు ఒకడు అస్థిపంజరం చొక్కాతో వచ్చాడు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు. కుర్చీలో బొమ్మ వంక చూస్తున్నాడు. ఒక్కో మెట్టే ఎక్కి, చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకున్నాడు. నాకు అర్థమైంది. వాడు తల తిరగడం కోసం చూస్తున్నాడు.

“లేవరా?” అని అడిగాడు ఆవిణ్ణి.

“లేవరు నాన్నా. ఆయన పోయారు. ఇది ఆయన చొక్కా, అంతే” అంది ఆవిడ.

వాడు తలూపాడు. చాక్లెట్ తీసుకుని రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, “పోయినసారి మీ లైటు లేదు. మీరు ఇల్లు మారిపోయారనుకున్నాను” అన్నాడు.

“లేదు, ఇక్కడే ఉన్నాను” అంది ఆవిడ.

ఎనిమిదయింది. వీధిలో ఒక్కో లైటూ ఆరిపోతోంది. మేం లేవలేదు. తొమ్మిదిన్నరకి మావారు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి, సూట్‌కేసు పట్టుకుని గడ్డిలో నిలబడి, “ఏంటి, ఇంకా లైటుంది?” అన్నారు. ఆవిడ ఆయనకీ ఒక కుర్చీ చూపించింది. చాక్లెట్ల గిన్నెలో అడుగున నాలుగు మిగిలాయి. తలా ఒకటి తిన్నాం, నాలుగోది చొక్కా జేబులో పెట్టింది ఆవిడ.

వారం తిరిగేసరికి గుమ్మడికాయల మొహాలు ముడతలు పడి కుంగిపోయాయి. ముక్కలు చేసి పెరట్లో ఎరువు గుంటలో వేశాం. ఆకులు దులిపి, చొక్కా ఉతికి మడత పెట్టింది. ఓవెన్‌లో పెట్టకుండా గుప్పెడు గింజలు ఆరబెట్టి కాగితంలో చుట్టి ఉంచాను నేను. మే నెలాఖరున నాటాలట. ఒక పాదు వాళ్ల పెరట్లో, ఒకటి మా పెరట్లో. కాయ కాశాక కొయ్యడానికి ఇంక ఎవరి కోసమూ చూడక్కర్లేదు.